ఆయిల్ ఉంది, ప్రెషర్ లేదు

కారు డాష్‌బోర్డ్ మీద వెలిగే లైట్లలో చాలావాటిని మనవాళ్లు పట్టించుకోరు. సీట్ బెల్ట్ గోల ఆపడానికి ఉత్త క్లిప్పు కొని గుచ్చేవాళ్లున్నారు. పసుపు రంగు చెక్ ఇంజన్ లైట్‌తో ఆర్నెల్లు తిరిగేవాళ్లున్నారు. కానీ ఎర్ర రంగులో, అల్లావుద్దీన్ దీపం ఆకారంలో, మూతి దగ్గర ఒక చుక్క కారుతున్నట్టు ఉండే లైట్ ఒకటుంది. బండి నడుస్తుండగా అది వెలిగితే మాత్రం ఇంకో కిలోమీటర్ కూడా లాగకూడదు.

దాని గురించి ఇళ్లలో అందరూ అనుకునేది ఒకటే: "ఆయిల్ తగ్గింది, పోయించాలి." ఒక్కోసారి అది నిజమే. కానీ ఆ లైట్‌కి ఆయిల్ ఎంత ఉందో తెలీదు. ఇంజన్ లోపల ఆయిల్ ఎంత ప్రెషర్‌తో తిరుగుతోందో, అదొక్కటే దానికి తెలుసు. డిప్‌స్టిక్ మీద ఆయిల్ ఫుల్‌గా కనిపిస్తున్నా ప్రెషర్ లేకపోవచ్చు. మా బాబాయి టాక్సీకి సరిగ్గా ఇదే జరిగింది. ఇంజన్ దింపాలి, 60 వేలు అవుతుంది అని ఒక షెడ్డులో చెప్పేశారు. చివరికి దింపకుండానే తేలింది. ఆ గొడవలో నేను నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నా. సీఎస్ఈ వాడికి ఇంజన్‌తో పనేంటని మెకానికల్ బ్రాంచ్ మిత్రులు అడగొచ్చు. ఇది పక్కా డీబగ్గింగ్ కథ, అందుకే.

ముందు రోడ్డు మీద ఏం చెయ్యాలో చెప్పేస్తా. లైట్ వెలగ్గానే యాక్సిలరేటర్ మీంచి కాలు తియ్యండి, ఇండికేటర్ వేసి ఎడమ పక్కకి వచ్చి ఆగండి, అప్పుడు ఇంజన్ ఆపండి. స్పీడ్‌లో ఉండగానే తాళం తిప్పెయ్యకండి. స్టీరింగ్ బరువెక్కిపోతుంది, బ్రేక్ కూడా రెండు మూడు సార్లు తొక్కేసరికి రాయిలా అయిపోతుంది. ఆగాక "ఇంకొక్కసారి స్టార్ట్ చేసి చూద్దాం" అనిపిస్తుంది. ఆ కోరిక ఆపుకోండి. పది నిమిషాలు ఆగి, బండి సమంగా ఉన్న చోట డిప్‌స్టిక్ తీసి, తుడిచి, మళ్లీ పెట్టి చూడండి. ఆయిల్ కింది గీత కన్నా తక్కువుంటే సరైన గ్రేడ్ ఆయిల్ పోసి స్టార్ట్ చెయ్యొచ్చు. రెండు మూడు సెకన్లలో లైట్ ఆరిపోతే మెల్లగా దగ్గర్లోని షెడ్డుకి వెళ్లి, ఆ ఆయిల్ ఎటు పోయిందో చూపించుకోండి. ఆయిల్ సరిగ్గానే ఉండి కూడా లైట్ వెలిగిందంటే బండి నడపడానికి లేదు, వేరే బండితో లాక్కెళ్లాల్సిందే. నేషనల్ హైవే మీదైతే 1033కి ఫోన్ చెయ్యొచ్చు.

ఇప్పుడు ఇంజన్ లోపలికి వెళ్దాం. ఇంజన్ అడుగున ఒక తొట్టి ఉంటుంది. పుస్తకాల్లో ఆయిల్ సంప్ అంటారు, షెడ్డుల్లో అందరూ ఛాంబర్ అంటారు. నేనూ ఛాంబర్ అనే అంటాను. అందులోకి ఒక పైపు దిగి ఉంటుంది, దాని మూతికి జల్లెడ. పంప్ ఆ జల్లెడలోంచి ఆయిల్ పీల్చి ఫిల్టర్‌లోకి నెడుతుంది. ఫిల్టర్ దాటాక గ్యాలరీ అనే మెయిన్ దారి. అక్కడి నుంచి సన్నటి కన్నాల్లోంచి క్రాంక్ షాఫ్ట్ బేరింగులకి, క్యామ్ షాఫ్ట్‌కి, టర్బో ఉంటే దానికి వెళ్తుంది. పనైపోయిన ఆయిల్ కారుకుంటూ మళ్లీ ఛాంబర్‌లో పడుతుంది. ప్రెషర్ మరీ ఎక్కువైతే కొంత వెనక్కి వదిలెయ్యడానికి స్ప్రింగ్‌తో పని చేసే రిలీఫ్ వాల్వ్ ఉంటుంది. మన ఎర్ర లైట్‌ని వెలిగించే స్విచ్ మామూలుగా ఈ గ్యాలరీ మీదే బిగించి ఉంటుంది.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. పంప్ ప్రెషర్‌ని తయారు చెయ్యదు. ఆయిల్‌ని ముందుకి నెడుతుంది, అంతే. పెరట్లో పైపు పట్టుకుని మొక్కలకి నీళ్లు పెట్టేటప్పుడు చివర బొటనవేలు అడ్డం పెడితే నీళ్లు దూరంగా చిమ్ముతాయి, వేలు తీసేస్తే కాళ్ల దగ్గరే పడతాయి. మోటరు అదే, నీళ్లు అవే. ఇంజన్‌లో బొటనవేలు పని చేసేవి బేరింగుల దగ్గరున్న ఇరుకు సందులు.

అంటే ప్రెషర్ పడిపోవడానికి రెండే రకాల కారణాలుంటాయి. పంప్ చాలినంత ఆయిల్ పంపలేకపోవాలి, లేదా వచ్చిన ఆయిల్ అవతల మరీ సులువుగా కారిపోతుండాలి. ఆపరేటింగ్ సిస్టమ్స్‌లో ప్రొడ్యూసర్, కన్స్యూమర్ గుర్తున్నాయి కదా, అచ్చం అదే. జల్లెడ మూసుకుపోవడం, పైపు రబ్బరు రింగు దగ్గర గాలి పీల్చడం, పంప్ అరిగిపోవడం, రిలీఫ్ వాల్వ్ తెరుచుకుని ఇరుక్కుపోవడం, ఆయిలే తక్కువుండటం ప్రొడ్యూసర్ వైపు. బేరింగులు అరగడం, ఆయిల్ పల్చబడటం కన్స్యూమర్ వైపు. ఏ వైపో తెలిస్తే సగం పని అయిపోయినట్టే. తెలియకుండా మొదలుపెడితే మాత్రం జేబు ఖాళీ.

బేరింగ్ అరగడం అంత పెద్ద విషయం ఎందుకంటే, షాఫ్ట్‌కి బేరింగ్‌కి మధ్య ఉండే సందు మామూలుగా మిల్లీమీటర్‌లో వందో వంతులు, తల వెంట్రుక మందం కన్నా తక్కువే. అంత సన్నటి సందులోంచి కారే ఆయిల్ సందు వెడల్పుకి క్యూబ్‌లో పెరుగుతుంది. సందు రెట్టింపైతే లీకేజీ 8 రెట్లు! ఇది చదివినప్పుడు నాకు నిజంగా ఆశ్చర్యమేసింది. కంటికి కనపడని అరుగుదల పంప్ సత్తానంతా తాగేస్తుంది.

ఇంకో ముచ్చట చెప్పకుండా ఉండలేను. 1880ల్లో ఇంగ్లండ్‌లో బ్యూచాంప్ టవర్ అనే ఇంజనీరు ఇరుసు బేరింగుల మీద ప్రయోగాలు చేస్తున్నాడు. నూనె పోయడానికి బేరింగ్ పైభాగంలో ఒక కన్నం పెట్టాడు. షాఫ్ట్ తిరగడం మొదలవ్వగానే నూనె ఆ కన్నంలోంచి పైకి పొంగింది. చెక్క బిరడా కొట్టి మూస్తే దాన్ని కూడా బయటికి నెట్టేసింది. గేజ్ బిగించి చూస్తే ముల్లు 200 పీఎస్ఐ దాటిపోయింది. అక్కడ పంపే లేదు! తిరిగే షాఫ్టే నూనెని ఇరుకులోకి లాక్కెళ్లి, తనని మోసే పొరని తనే తయారు చేసుకుంటోంది. 1886లో ఆస్బోర్న్ రేనాల్డ్స్ దీనికి లెక్క కట్టి చూపించాడు. ఫ్లూయిడ్ మెకానిక్స్‌లో రేనాల్డ్స్ నంబర్ ఉంది చూశారూ, ఆయనే. మన కారులో కూడా క్రాంక్ షాఫ్ట్‌ని గాల్లో నిలబెట్టేది ఆ పొరే. అది పక్కల నుంచి ఎప్పుడూ కారిపోతూనే ఉంటుంది కాబట్టి వెంటవెంటనే కొత్త ఆయిల్ అందించడం పంప్ ఉద్యోగం. సప్లై ఆగితే పొర తెగుతుంది, ఇనుము మీద ఇనుము రాసుకుంటుంది. లోడ్ మీదున్న ఇంజన్‌కి ఒకటి రెండు నిమిషాలు చాలు, బేరింగ్ పట్టేస్తుంది. నిమిషానికి లక్ష చుట్ల పైన తిరిగే టర్బోకి అంత కూడా అక్కర్లేదు.

సరే, లైట్ వెలిగింది, బండి షెడ్డుకి చేరింది. ఇప్పుడు మొదటి ప్రశ్న, లైట్ నిజం చెబుతోందా? స్టార్ట్ చెయ్యకుండా తాళం ఆన్ చేస్తే ఆ లైట్ వెలగాలి, స్టార్టయ్యాక ఆరిపోవాలి. తాళం ఆన్ చేసినప్పుడే వెలగట్లేదంటే ఆ లైట్ మిమ్మల్ని ఎప్పటికీ హెచ్చరించదు. ఇది రోజూ ఉదయం చూడదగ్గ విషయం, రెండు సెకన్ల పని. పాత తరహా స్విచ్‌కి ఒకే వైరు ఉంటుంది. ప్రెషర్ లేనప్పుడు ఆ వైరుని ఇంజన్ బాడీకి కలుపుతుంది, లైట్ వెలుగుతుంది. తాళం ఆన్‌లో పెట్టి వైరు ఊడబీకితే లైట్ ఆరిపోవాలి. ఆరకపోతే వైరు ఎక్కడో ఒరుసుకుని బాడీకి తగులుతోందన్నమాట. స్విచ్ చుట్టూ ఆయిల్ చెమ్మగా ఉన్నా, పిన్ను దగ్గర ఆయిల్ కనిపించినా స్విచ్ మీద అనుమానపడొచ్చు.

కానీ ఆ స్విచ్‌కి చాలా పెద్ద లోపం ఉంది. అది సుమారు 5 పీఎస్ఐ దగ్గర పని చేస్తుంది, అంతకు పైన ఎంతున్నా దానికి ఒకటే. 3000 ఆర్పీఎం దగ్గర 10 పీఎస్ఐ ఉంటే ఇంజన్ చావుకి దగ్గరగా ఉన్నట్టు, కానీ లైట్ వెలగదు. ఒక్క బిట్ సెన్సర్‌తో ఇంతకంటే ఏం తెలుస్తుంది? అందుకే స్విచ్ విప్పి అదే కన్నంలో మెకానికల్ గేజ్ బిగించి కొలవాలి. ఇంజన్ బాగా వేడెక్కాక కొలవాలి. చల్లగా ఉన్నప్పుడు ఆయిల్ చిక్కగా ఉండి ప్రెషర్ ఎక్కువ చూపిస్తుంది, అది లెక్కలోకి రాదు. కంపెనీ మాన్యువల్‌లో ఉన్న అంకె దొరికితే అదే ఫైనల్. దొరక్కపోతే పాత మెకానిక్‌లు వాడే లెక్క ఒకటుంది, ప్రతి 1000 ఆర్పీఎంకి 10 పీఎస్ఐ. గేజ్ గొట్టం సైలెన్సర్ పైపుకి గానీ బెల్టుకి గానీ తగలకుండా చూసుకోండి, కాగిన ఆయిల్ మీద పడితే ఒళ్లు కాలుతుంది.

అంకె కన్నా ఆ అంకె ఎలా మారుతోందన్నది ఎక్కువ చెబుతుంది. బాబాయి బండి కథ ఇక్కడికే వస్తుంది.

బాబాయిది విజయవాడలో టాక్సీ. డీజిల్ బండి, లక్షా నలభై వేల కిలోమీటర్లు తిరిగింది, ఈఎంఐలు ఇంకా 22 నెలలున్నాయి. ఏలూరు వైపు హైవే మీద 90లో వెళ్తుంటే ఎర్ర లైట్ వెలిగింది. స్పీడ్ తగ్గించగానే ఆరిపోయింది. అయినా పక్కకి తీసి ఆపేశాడు. స్టిక్ మీద ఆయిల్ ఫుల్. బండి లాగించుకుని వెళ్తే మొదటి షెడ్డులో స్విచ్ మార్చారు. రెండో రోజు మళ్లీ వెలిగింది. రెండో షెడ్డులో ఇంజన్ శబ్దం విని "బేరింగులు పోయాయి, దింపాలి" అన్నారు. బాబాయి ఆ రాత్రి అన్నం తినలేదని పిన్ని ఫోన్లో చెప్పింది. బండి ఆగితే ఆ రోజు సంపాదన ఆగినట్టే, ఈఎంఐ మాత్రం ఆగదు.

సెమ్ సెలవులకి వెళ్లినప్పుడు నేనూ తోడు వెళ్లా, ఆటోనగర్‌లో ఒక పాత మెకానిక్ దగ్గరికి. ఆయన బానెట్ ఎత్తకుండానే అడిగాడు, "ఎవరన్నా కొలిచారా?"

"లేదన్నా, చూసి చెప్పారు" అన్నాడు బాబాయి.

"చూసి చెప్పడానికి ఇదేమన్నా జాతకమా?"

ఆయన దగ్గరున్న గేజ్‌కి మా బండికి సరిపోయే అడాప్టర్ లేదు. నేను ఆన్‌లైన్‌లో 1,800 పెట్టి కిట్ తెప్పించా. వేడి ఇంజన్‌లో, ఐడిల్‌లో 19 పీఎస్ఐ చూపించింది. 2000 దగ్గర 30. అక్కడి వరకూ బాగానే ఉంది. 3000 వైపు పెంచుతుంటే ముల్లు వణకడం మొదలుపెట్టింది, ఆ తర్వాత పెరగాల్సింది పోయి జారిపోయి 5 కిందికి వచ్చేసింది. ఎర్ర లైట్ వెలిగింది. వెంటనే ఇంజన్ ఆపేశాం.

బేరింగులు అరిగి ఉంటే ఇది తల్లకిందులుగా ఉండాలి. వేడి ఐడిల్‌లో పంప్ మెల్లగా తిరుగుతుంది, ఆయిల్ పల్చగా ఉంటుంది, కాబట్టి అరిగిన ఇంజన్‌కి లైట్ సిగ్నల్ దగ్గర మినుకుమినుకుమంటుంది, యాక్సిలరేటర్ తొక్కితే ఆరిపోతుంది. మా బండిలో ఐడిల్ బాగుంది, స్పీడ్ పెంచితే పడిపోతోంది. రిలీఫ్ వాల్వ్ తెరుచుకుని ఇరుక్కుంటే అన్ని చోట్లా తక్కువే చూపించాలి. ఇక మిగిలింది ఒకటే. పంప్ ఎక్కువ అడుగుతోంది, దానికి అంత అందట్లేదు. సన్నటి స్ట్రాతో చిక్కటి మిల్క్‌షేక్ గట్టిగా పీల్చినట్టు. ఉదయం చల్లగా స్టార్ట్ చేసినప్పుడు కూడా లైట్ ఆరడానికి నాలుగైదు సెకన్లు పడుతోందని బాబాయి అప్పుడు చెప్పాడు. అదీ ఇందులో అతికింది, చల్లటి చిక్కటి ఆయిల్‌ని పీల్చడం ఇంకా కష్టం కదా.

"కింద ఎక్కడన్నా తగిలిందా?" అని అడిగాడు మెకానిక్. బాబాయి కాసేపు ఆలోచించి, నెల కిందట ఒక పల్లెటూరికి పెళ్లివాళ్లని ఫుల్ లోడ్‌తో తీసుకెళ్తుంటే రంగు వెయ్యని స్పీడ్ బ్రేకర్ మీద బండి కడుపు గట్టిగా తగిలిందన్నాడు. దిగి చూస్తే ఆయిల్ ఏమీ కారలేదట. బండిని స్టాండ్ల మీదికి ఎత్తి కింది గార్డ్ విప్పితే, దాని వెనక ఛాంబర్‌కి అరచేయంత సొట్ట. ఛాంబర్ దింపి చూస్తే సంగతి అర్థమైంది. అడుగు రేకు పైకి లేచి జల్లెడ మూతికి దాదాపు ఆనుకుంది, మధ్యలో రూపాయి బిళ్ల కూడా దూరేలా లేదు. దానికి తోడు జల్లెడలో రెండు సిలికాన్ ముక్కలు. ఎప్పుడో ఛాంబర్ బిగించినప్పుడు ఎవరో ప్యాకింగ్ పేస్టు ఎక్కువ పూశారు, లోపలికి పొంగింది ఊడి అక్కడ చేరింది. పేస్టు సన్నటి గీతలా చాలు, గోడకి సున్నం వేసినట్టు వెయ్యకూడదు.

ఛాంబర్ ఎలాగూ దిగింది కాబట్టి ఆయన ఒక బిగ్ ఎండ్ బేరింగ్ క్యాప్ విప్పి చూశాడు. బూడిద రంగు సమంగా ఉంది, లోపలి రాగి రంగు బయటపడలేదు. లైట్ వెలిగిన ప్రతిసారీ బాబాయి బండి ఆపేశాడు, దాని ఫలితం అది. కొత్త ఛాంబర్, పైపు రబ్బరు రింగు, ఆయిల్, ఫిల్టర్, కూలీ అన్నీ కలిపి 7,400 అయింది. స్టార్ట్ చేసే ముందు డీజిల్ అందకుండా చేసి, లైట్ ఆరేవరకూ స్టార్టర్‌తోనే ఇంజన్ తిప్పాడు, బేరింగులకి ముందు ఆయిల్ చేరాలని. వేడెక్కాక కొలిస్తే ఐడిల్‌లో 21, 3000 దగ్గర 46.

అన్ని బండ్లకీ ఇలాగే ఉండదు. కొన్నిసార్లు తప్పు ఆయిల్‌లోనే ఉంటుంది. 5డబ్ల్యూ-30 అంటే రెండో అంకె వేడి ఇంజన్‌లో చిక్కదనం గురించి, 100 డిగ్రీల దగ్గర కొలిచి ఇచ్చేది. 40 డిగ్రీల దగ్గరున్న చిక్కదనంలో సుమారు ఆరో వంతే 100 దగ్గర మిగులుతుంది, కాబట్టి అందులో ఇంకేదన్నా కలిస్తే ఇబ్బందే. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 డీజిల్ బండ్లకి సైలెన్సర్ దారిలో మసి ఫిల్టర్ ఉంటుంది. ఆ మసిని కాల్చడానికి ఇంజన్ అదనంగా డీజిల్ చిమ్ముతుంది. రోజూ రెండు మూడు కిలోమీటర్లే తిరిగే బండిలో ఆ కాల్చుడు మధ్యలో ఆగిపోతూ ఉంటుంది, కొంత డీజిల్ సిలిండర్ గోడల మీదుగా దిగి ఆయిల్‌లో కలుస్తుంది. అప్పుడు డిప్‌స్టిక్ మీద లెవెల్ తగ్గదు, పెరుగుతుంది! లెవెల్ పై గీత దాటి, స్టిక్ వాసన చూస్తే డీజిల్ వాసన వస్తే ఆయిల్ మార్చాల్సిందే. ఆయిల్ పాల కాఫీ రంగులో ఉంటే కూలెంట్ కలిసినట్టు, అది వేరే పెద్ద కథ. ఎండలో వేళ్ల మధ్య రాసి చూస్తే మెరుపు కనిపిస్తే బేరింగులు అరుగుతున్నాయేమో చూడాలి. కొందరు అయస్కాంతం పెట్టి "ఏమీ అంటుకోలేదు, బాగుంది" అంటారు. బేరింగ్ పైపొరలు ఎక్కువగా అల్యూమినియం, రాగి లాంటివి, అవి అయస్కాంతానికి అంటుకోవు. పాత ఫిల్టర్ కోసి కాగితం మడతల్లో చూడటం దానికన్నా మంచి పద్ధతి.

ఫిల్టర్ మూసుకుపోయి ప్రెషర్ పోయిందని కూడా అంటుంటారు. చాలా ఫిల్టర్లలో బైపాస్ వాల్వ్ ఉంటుంది, మూసుకుపోతే ఆయిల్ వడకట్టకుండానే వెళ్లిపోతుంది. కాబట్టి ఒక్క ఫిల్టర్ వల్ల ప్రెషర్ మొత్తం పోవడం అరుదు, మురికి ఆయిల్ బేరింగులకి వెళ్లడం మాత్రం ఖాయం.

ఇక అందరికీ ఇష్టమైన చిట్కా, చిక్కటి ఆయిల్ పోసెయ్యడం. 30 గ్రేడ్ ఉండాల్సిన చోట 40 గానీ 50 గానీ పోస్తే లైట్ ఆరిపోతుంది, నిజమే. అరిగిన సందులోంచి చిక్కటి ఆయిల్ మెల్లగా కారుతుంది కాబట్టి గేజ్ మీద అంకె పెరుగుతుంది. సందు మాత్రం అలాగే ఉంటుంది. నా దృష్టిలో అది ఎర్రర్ మెసేజ్‌ని ట్రై, క్యాచ్‌లో పెట్టి మింగేసినట్టే. మా బాబాయి బండిలో అది పోసి ఉంటే చిక్కటి ఆయిల్‌ని పీల్చలేక పంప్‌కి ఇంకా తక్కువ అందేది. వయసైపోయి అమ్మెయ్యబోయే బండికి కొన్నాళ్లు నడిపించుకోడానికి వాడేవాళ్లున్నారు. కొనేవాళ్లు మీరైతే ఇంజన్ వేడెక్కాక ఐడిల్‌లో ఆ లైట్ వైపు ఒక కన్నేసి ఉంచండి.

ఈమధ్య వచ్చే కొన్ని ఇంజన్లలో అవసరాన్ని బట్టి ప్రెషర్ మార్చుకునే పంపులు, స్విచ్ బదులు అసలు అంకెనే చెప్పే సెన్సర్లు ఉంటున్నాయి. వాటికి 1000కి 10 లెక్క పని చెయ్యదు, వైరు ఊడబీకే టెస్టూ కుదరదు. మాన్యువల్ చూసి స్కానర్‌తో చదవాలి.

గేజ్ కిట్ ప్రస్తుతం నా హాస్టల్ రూమ్‌లోనే ఉంది. ఇంటికెళ్తున్నప్పుడు ఎవరికన్నా కావాలంటే అడగండి, ఇస్తా. అడాప్టర్లు మొత్తం ఆరు, లెక్కపెట్టి తిరిగివ్వండి.